పసివాళ్ల మెడకు దెబ్బ తగిలితే
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ యేడు ఆరోగ్యం మీద ఒక ప్రసంగం ఉండాలని కార్యదర్శి గారు అన్నప్పుడు, షుగరు గురించో బీపీ గురించో చెబుతాననుకున్నారు. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఐదారేళ్లలోపు పిల్లల మెడకు దెబ్బ తగిలితే ఏమవుతుంది, దానికి ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు, ఎలా చేస్తారు అన్నది మన మధ్య ఎవరూ మాట్లాడని విషయం. నేను డాక్టరును కాను. బీఈడీ చేసి, ఇన్నేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్న టీచరును. కాబట్టి పాఠం చెప్పినట్టే చెబుతాను, ఓపిక పట్టండి.

మా బడిలో సైన్సు గది గోడకు అస్థిపంజరం బొమ్మ ఒకటి వేలాడుతుంటుంది. అది పెద్దమనిషిది. దాన్ని చూపించి మెడలో పూసలు ఏడు అని చెబుతాం. పసివాడికీ ఏడే. అంతవరకే పోలిక. పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఏడో వంతో, ఎనిమిదో వంతో. అంటే సన్నటి కాడ మీద తాటికాయను నిలబెట్టినట్టు. ఆ కాడను పట్టి ఉంచాల్సిన కండరాలు ఇంకా బలపడలేదు. పూసకూ పూసకూ మధ్య కట్లలా ఉండే సంధి బంధనాలు, డాక్టర్లు లిగమెంట్లు అంటారే, అవి వదులుగా సాగుతుంటాయి. మన మెడలో వెనకవైపు కీళ్లు ఇంటి కప్పు మీది పెంకుల్లా ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. అందువల్ల పూస ముందుకు జారదు. పసివాడిలో ఆ కీళ్లు దాదాపు బల్లపరుపు. పలక మీద పలక పెట్టి తోస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. పూసలు కూడా ఇంకా పూర్తిగా ఎముక కాలేదు. ఎముక ముక్కల మధ్య మృదులాస్థి ఉంటుంది, మన చెవి దొప్పలో తగిలే మెత్తటి పదార్థం లాంటిది.

మెడ వంచినప్పుడు ఎక్కువగా కదిలే చోటు పెద్దవాళ్లలో ఐదు, ఆరు పూసల దగ్గర ఉంటుంది. పసివాళ్లలో రెండు, మూడు పూసల దగ్గర. వయసు పెరిగేకొద్దీ అది కిందికి దిగుతుంది. అందుకే ఎనిమిదేళ్లలోపు పిల్లల్లో దెబ్బ ఎక్కువగా మెడ పైభాగంలోనే తగులుతుంది, తల మెడ మీద కూర్చునే చోటి నుంచి మూడో పూస లోపల. ఆ ఎత్తులో వెన్నుపాము నలిగితే పోయేది కాళ్లూ చేతుల కదలిక ఒక్కటే కాదు. ఊపిరి తీయించే డయాఫ్రానికి వెళ్లే నరం మెడలోని మూడు, నాలుగు, ఐదు నరాల నుంచి పుడుతుంది. పైన దారి తెగితే మెదడు చెప్పే మాట దానికి చేరదు. ఊపిరి ఆగుతుంది.

1960లో లెవెంథాల్ అనే వైద్యుడు ప్రచురించిన ఒక మాట ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డ వెన్నెముక తెగకుండా రెండు అంగుళాల దాకా సాగగలదు, లోపలి వెన్నుపాము మాత్రం పావు అంగుళమే సాగుతుంది. పైన తొడుగు రబ్బరు, లోపల దారం నూలు అనుకోండి. లాగి వదిలితే తొడుగు ఏమీ జరగనట్టు యథాస్థానానికి వస్తుంది. లోపల దారం తెగి ఉంటుంది. ఎక్స్‌రేలో ఎముకలన్నీ చక్కగా కనిపిస్తాయి, పిల్లవాడి కాళ్లు మాత్రం కదలవు. 1982లో అమెరికాలో పాంగ్, విల్‌బర్గర్ అనే ఇద్దరు డాక్టర్లు ఇలాంటి పిల్లల్ని వరసగా పరిశీలించి దీనికి ఒక పేరు పెట్టారు. పేరు మనకెందుకు గానీ, వాళ్లు గమనించిన ఒక సంగతి ప్రతి ఇంట్లో తెలియాలి. ఆ పిల్లల్లో కొందరికి దెబ్బ తగిలిన వెంటనే ఏమీ లేదు. లేచి నడిచారు. కొన్ని గంటల తర్వాత, కొందరికైతే నాలుగు రోజుల దాకా ఆగి, కాళ్లు చేతులు పడిపోయాయి. మొదట్లో తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు ఒక జివ్వుమనడం, చేతిలో పట్టు తగ్గడం, ఇంతే. మేడ మీది నుంచి పడ్డ బిడ్డ ‘చేతులు జిల్లుమంటున్నాయి’ అంటే నిద్రపుచ్చకండి. ఎక్స్‌రే బాగుంది కదా అని సరిపెట్టుకోకండి. వెన్నుపామును చూపించేది ఎమ్మారై. ఈ రకం దెబ్బకు చాలాసార్లు కత్తి పనిచేయదు. మెడ కదలకుండా పట్టీ వేసి వారాల తరబడి ఉంచడమే వైద్యం.

ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు తడబడతారు. ఆపరేషన్ చేయలేదంటే పెద్ద వైద్యం చేయలేదని, డబ్బున్న వాళ్లయితే చేసేవాళ్లని అనుకుంటారు. ఇంకో ఇంట్లో డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడని భయపడి రాత్రికి రాత్రే బిడ్డను ఇంటికి తెచ్చుకుంటారు. రెండూ ఒక సంగతి తెలియకే. డాక్టరు నిర్ణయం ప్రధానంగా ఏది దెబ్బతిన్నది అన్న దాని మీద నిలుస్తుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది. పిల్లల్లో ఇంకా త్వరగా అతుక్కుంటుంది. బంధనం పూర్తిగా తెగితే దానంతట అది గట్టిగా అతుక్కుంటుందని నమ్మకం లేదు.

ఉదాహరణకు రెండో పూసకు పన్నులా పైకి పొడుచుకు వచ్చిన ముల్లు ఒకటి ఉంటుంది. మొదటి పూస ఒక ఉంగరంలా దాని చుట్టూ తిరుగుతుంది. మనం కాదూ కూడదూ అని తల అడ్డంగా ఊపేది చాలావరకు ఆ ముల్లు చుట్టూనే. ఏడేళ్లలోపు పిల్లల్లో ఆ ముల్లు మొదట్లో మృదులాస్థి అతుకు ఒకటి ఉంటుంది. కారు గుద్దుకున్నప్పుడు అక్కడ ఊడుతుంది. వినడానికి ఘోరంగా ఉన్నా, దీనికి చాలావరకు కోత అక్కర్లేదు. ముల్లును నెమ్మదిగా తన చోటికి తెచ్చి, తల కదలకుండా రెండు మూడు నెలలు బిగించి ఉంచితే కలిసిపోతుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది చెబుతాను. 2015లో ఆస్ట్రేలియాలో ఒక కారు ఇంకో కారును ఎదురుగా ఢీకొట్టింది. కారులో పదహారు నెలల బాబు ఉన్నాడు. పుర్రెకూ మెడకూ మధ్య బంధనాలు తెగిపోయాయి. బాబును బ్రిస్బేన్‌లోని ఆసుపత్రికి విమానంలో చేర్చారు. జెఫ్ ఆస్కిన్ అనే వెన్నెముక సర్జను, ఆయన బృందం దాదాపు ఆరు గంటలు ఆపరేషన్ చేశారు. తలకు చుట్టూ ఒక వలయం బిగించి తలను నిలబెట్టారు. సన్నటి తీగతో పూసల్ని కట్టారు. బాబు పక్కటెముకలోంచి ఒక ముక్క తీసి అక్కడ అంటు వేశారు. బాబు బతికాడు, ఇంటికి వెళ్లాడు. అప్పట్లో ఫోన్లలో ‘తెగిన తలను అతికించిన డాక్టర్లు’ అని తిరిగిన వార్త ఇదే. తల తెగలేదు. చర్మం, రక్తనాళాలు, గొంతు, అన్నిటికన్నా ముఖ్యంగా వెన్నుపాము తెగలేదు. తెగింది లోపలి కట్లు. ఆ కట్లు తెగాక తల చర్మం మీద, కండ మీద ఆధారపడి ఉన్నట్టే. వెన్నుపాము నలగకుండా బాబు సర్జను దాకా చేరాడు కాబట్టే సర్జను చేయడానికి పని మిగిలింది.

ఆ దెబ్బకు ఇంకో గుణం ఉంది. మెడ పట్టీలు కట్టి బరువులు వేలాడదీసి లాగే వైద్యం ఒకటి మీరు ఆసుపత్రుల్లో చూసే ఉంటారు, ట్రాక్షన్ అంటారు. కొన్ని జబ్బుల్లో అదే మందు. ఈ దెబ్బలో మాత్రం లాగితే ప్రాణం పోవచ్చు. అదే మెడ, ఒకచోట లాగాలి, ఒకచోట లాగకూడదు. ఏది ఏదో స్కాను చూడకుండా డాక్టరుకు కూడా తెలియదు. మరి రోడ్డు పక్కన మనమెంత?

తలకు బిగించే ఆ వలయాన్ని హేలో అంటారు. పోలియోతో మెడ నిలవని వాళ్ల కోసం అమెరికాలో పెర్రీ, నికెల్ అనే డాక్టర్లు దీన్ని తయారుచేసి 1959లో లోకానికి చెప్పారు. తల చుట్టూ లోహపు చట్రం, దాన్నుంచి పుర్రె పైపొరలోకి దిగే మేకులు, కింద ఛాతీకి బిగుతైన కోటు, రెంటినీ కలిపే కడ్డీలు. పెద్దవాళ్లకు నాలుగు మేకులు గట్టిగా బిగిస్తారు. పసివాడి పుర్రె పలచన. నాలుగింటిని అంత బలంగా బిగిస్తే లోపలికి దిగిపోతాయి. అందుకని ఎనిమిదో పదో మేకులు పెట్టి, ఒక్కోదాన్ని వేళ్లతో తిప్పినంత బలంతోనే బిగిస్తారు. ముందు స్కాను తీసి ఎముక ఎక్కడ కాస్త మందంగా ఉందో చూసుకుంటారు. చూడ్డానికి గుండె తరుక్కుపోతుంది. కానీ పిల్లలు వారం తిరిగేసరికి దానితోనే ఆడుకుంటారు. బాధంతా మనదే.

ఇక ఆపరేషన్ సంగతి. పేరులో భయం ఉంది గానీ పని అర్థమయ్యేదే. వదులైన రెండు పూసల్ని, లేదా పుర్రెనూ పూసల్నీ, ఒకే ఎముకగా కలిపేస్తారు. ఫ్యూజన్ అంటారు. పూర్వం పూసల వెనక భాగాల్ని తీగతో కట్టి మధ్యలో ఎముక ముక్క పెట్టేవారు. గాలీ అనే డాక్టరు 1939లో చెప్పిన పద్ధతి అది. తీగ ఒక్కటే అంత గట్టిగా పట్టదు, నెలల తరబడి హేలో తప్పేది కాదు. పెద్ద మార్పు మన దేశం నుంచే వచ్చింది. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి న్యూరోసర్జను అతుల్ గోయల్, లహేరీతో కలిసి 1994లో ఒక పద్ధతి ప్రచురించారు. మొదటి పూస రెండు పక్కల మందపు భాగాల్లోకి, రెండో పూసలోకి స్క్రూలు దించి వాటిని ప్లేటుతో కలపడం. 2001లో జర్మనీకి చెందిన హార్మ్స్ దానికి కడ్డీలు జోడించారు. ఇప్పుడు ప్రపంచమంతటా దాన్ని గోయల్–హార్మ్స్ పద్ధతి అంటారు. మన ప్రభుత్వ ఆసుపత్రి ఒకదాంట్లో పుట్టిన పనితనం అది. పిల్లలకు చెప్పాల్సిన పాఠం ఇదీ అని నాకనిపిస్తుంది, పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఆ స్క్రూ మందం మూడున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. రెండేళ్ల బిడ్డ పూసలో అది దిగే చోటు అంతకన్నా ఎంతో ఎక్కువ ఉండదు. ఒక పక్క వెన్నుపాము, ఇంకో పక్క మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని. ఆ ధమని అందరిలో ఒకే దారిన పోదు. అందుకని ముందుగా రక్తనాళాలు కూడా కనిపించేలా స్కాను తీస్తారు. చోటు చాలదనుకుంటే స్క్రూలు మానేసి తీగో, తాడులా పేనిన లోహపు కేబులో వాడతారు. లేదా పూస వెనక గోడలోకి అడ్డంగా స్క్రూ వేస్తారు. ఏది వేసినా అవి సెంట్రింగు లాంటివని గుర్తుంచుకోండి. స్లాబు గట్టిపడేదాకా నిలబెట్టడమే సెంట్రింగు పని. ఇక్కడ స్లాబు అంటే అంటు వేసిన ఎముక. అది కలిసిపోకపోతే ఎంత మంచి స్క్రూ అయినా ఎప్పటికో ఒకప్పటికి వదులవుతుంది. పెద్దవాళ్లకు తుంటి ఎముకలోంచి ముక్క తీస్తారు. పసివాడి తుంటిలో అంత ఎముక ఉండదు, సగం మృదులాస్థే. అందుకే పక్కటెముక. దాని పైపొరను జాగ్రత్తగా అక్కడే వదిలేస్తే ఎముక మళ్లీ పెరుగుతుంది కూడా. ఆ ఏర్పాటు చూసినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

పసివాళ్లలో అన్నీ కొలతగా ఉండాలి. పదికిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తం మొత్తం 800 మిల్లీలీటర్లు. మనం పొద్దున్న తాగే టీ గ్లాసు రక్తం పోతే మనకు లెక్కలేదు, ఆ బిడ్డకు ఎనిమిదో వంతు పోయినట్టు. మత్తిచ్చే డాక్టరు గొట్టం వేసేటప్పుడు మెడ కదలకూడదు. బోర్లా తిప్పేటప్పుడు కదలకూడదు. నరాల్లో సంకేతాలు వెళ్తున్నాయో లేదో ఆపరేషన్ జరిగినంతసేపూ ఒక యంత్రం చూస్తూ ఉంటుంది. సర్జను అవసరమైన పూసల మీద తప్ప పక్క పూసల మీది కండను తొలగించడు. పిల్లల ఎముకకు అతుక్కునే గుణం ఎంత ఎక్కువంటే, తెరిచి వదిలేసిన పక్క పూస కూడా తనకు తానే కలిసిపోతుంది. అప్పుడు మెడ ఇంకా బిగుసుకుంటుంది.

దెబ్బ తగలకుండానే ఈ ఆపరేషన్ దాకా వెళ్లే దారి ఒకటుంది. కొన్నేళ్ల కిందట మా వీధిలో జరిగింది. నాలుగేళ్ల పిల్లకు గొంతు నొప్పి, జ్వరం. జ్వరం తగ్గింది, మెడ మాత్రం కుడి భుజం మీదికి వాలిపోయింది, గడ్డం ఎడమకు తిరిగింది. సరిచేయబోతే ఏడుపు. నానీ దిండు సరిగ్గా లేదంది. నూనె రాశారు. దిష్టి తీశారు. తావీజు కట్టారు. బడిలో తిన్నగా కూర్చోమని గద్దించారు. ఐదు వారాలు గడిచాయి. చివరికి మెడలు, నడుములు పట్టే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన చేతులు పెట్టి చూసి, ‘ఇది నేను ముట్టుకునేది కాదు భాయ్, పెద్దాసుపత్రికి వెళ్లండి’ అన్నాడు. ఆ పిల్ల మెడను కాపాడింది ఆయనే అని నేను ఇప్పటికీ అంటాను.

గొంతు వెనక గోడకు ఆనుకునే మొదటి రెండు పూసలున్నాయి. గొంతులో చీము, వాపు వస్తే ఆ పూసల మధ్య బంధనాలు వదులవుతాయి. మొదటి పూస పక్కకు తిరిగి రెండో దాని మీద ఇరుక్కుపోతుంది. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కూడా అప్పుడప్పుడు వస్తుంది. 1930లో వివరించిన ఫ్రెంచి వైద్యుడు గ్రీసెల్ పేరే దీనికి ఉంది. ఇందులో రోజులే మందు. వారంలోపు తెలిస్తే మెత్తటి కాలరు, మాత్రలు, విశ్రాంతి, చాలా పిల్లలకు ఇంతే. వారం దాటితే ఆసుపత్రిలో పడుకోబెట్టి గడ్డం కింద పట్టీతో నెమ్మదిగా లాగాలి. నెల దాటితే హేలో దాకా పోవచ్చు. సరిచేసినా మళ్లీ మళ్లీ జారితే ఫ్యూజన్. మా వీధి పిల్లకు అన్ని మెట్లూ ఎక్కాల్సి వచ్చింది. రెండు వారాలు లాగితే మెడ సరయ్యింది, పది రోజులకు మళ్లీ జారింది. ఆపరేషన్ అన్నారు.

ఆ రోజు వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చి, ‘మాస్టారూ, మెడలో స్క్రూలు వేస్తే పిల్ల ఎదుగుతుందా? రేపు పెళ్లెవరు చేసుకుంటారు?’ అన్నాడు. అందరి మనసులోనూ ఉండే ప్రశ్నే. ఇద్దరం కలిసి వెళ్లి డాక్టరునే అడిగాం. ఆయన దాచకుండా చెప్పారు. మెడ పక్కలకు తిరగడంలో సగం దాకా ఆ రెండు పూసల మధ్యే జరుగుతుంది, అవి కలిస్తే అంత తిప్పుడు తగ్గుతుంది. కింది పూసలు కొంత భర్తీ చేస్తాయి. మెడ మొత్తం ఎదుగుదల పెద్దగా దెబ్బతినదు. చేయకపోతే తల జీవితాంతం వంకరగానే ఉండిపోవచ్చు, చిన్న దెబ్బకే వెన్నుపాము నలగవచ్చు. తండ్రి కాసేపు నేల చూసి, సంతకం పెట్టాడు. ఇప్పుడా పిల్ల ఏడో తరగతి. వెనక నుంచి పిలిస్తే తలతో పాటు భుజాలూ తిప్పి చూస్తుంది. తెలిసినవాళ్లకే అది తెలుస్తుంది.

ఇలాంటి వదులు పుట్టుకతోనే ఉండే పిల్లలున్నారు. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మొదటి రెండు పూసల మధ్య పట్టు తక్కువ. ఇప్పుడు వాళ్లు అందరితో పాటు మన బడులకు వస్తున్నారు, మంచిదే. వాళ్లతో పిల్లిమొగ్గలు వేయించే ముందు డాక్టరు మాట తీసుకోండి. నడక తడబడుతున్నా, బట్టలు తడుపుకోవడం కొత్తగా మొదలైనా బద్ధకమని తిట్టకుండా మెడ చూపించండి.

పసిపిల్లలకు స్నానం పోసేటప్పుడు తల రెండు వైపులా పట్టుకుని పైకి ఎత్తి మెడ సాగదీసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. గాల్లోకి ఎగరేసి పట్టుకునే మామయ్యలున్నారు. ఏడుస్తుంటే కోపంతో భుజాలు పట్టుకుని ఊపేవాళ్లున్నారు. పావు అంగుళం లెక్క చెప్పాను కదా, అంతకన్నా చెప్పను.

బండ్ల సంగతి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. స్కూటరు ముందు నిలబెట్టుకునే పిల్ల, కారు ముందు సీట్లో ఒళ్లో కూర్చున్న బిడ్డ, ఇద్దరూ బ్రేకు పడగానే తల ముందుకు విసిరేసినట్టు పోతారు. మోటారు వాహన నిబంధనల ప్రకారం 2023 ఫిబ్రవరి నుంచి నాలుగేళ్లలోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే నడిపే మనిషికి కట్టే బెల్టు ఉండాలి, బిడ్డ తొమ్మిది నెలలు దాటితే తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. కారులో పసివాడి సీటు వెనక్కి తిరిగి ఉండటం మేలు. గుద్దుకున్నప్పుడు తల బరువును మెడ కాకుండా సీటు వీపు భరిస్తుంది. స్వీడన్‌లో నాలుగేళ్ల దాకా అలాగే కూర్చోబెడతారు. మనం సీటు ఖరీదు చూసి వెనక్కి తగ్గుతాం. అదే మనం బండికి అలాయ్ చక్రాలు వేయించేటప్పుడు ఖరీదు చూడం.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. రోడ్డు ప్రమాదమైతే 2025 మే నుంచి కేంద్రం పథకం ఉంది. గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ప్రమాదం నాటి నుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల కార్డున్న వాళ్లు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే కలవండి. మన దగ్గరికి సాయం అడగడానికి వచ్చేవాళ్లను ‘ఆపరేషనేనా?’ అని అడుగుతుంటాం. హేలోతో మూడు నెలలు గడపాల్సిన బిడ్డకు ఆపరేషన్ ఉండకపోవచ్చు. ఆ మూడు నెలలూ తల్లి కూలికి వెళ్లలేదు. వారం వారం పట్నానికి బస్సు ఎక్కలేదు, ఆటో కావాలి. రోజూ మేకుల చుట్టూ శుభ్రం చేయాలి, ఎరుపు, చీము కనిపిస్తే ఆ రోజే పరుగెత్తాలి. కోటు తడవకూడదు, ఒళ్లు గుడ్డతో తుడవాల్సిందే. కోటు ముందు భాగానికి చిన్న రెంచి ఒకటి టేపుతో అంటించి ఇస్తారు. గుండె ఆగితే ఛాతీ నొక్కడానికి కోటు విప్పాలి కాబట్టి. ఆ రెంచి పనిముట్ల డబ్బాలోకి చేరకూడదు. ఆ ఇంటికి ఇచ్చే సాయం ఈ లెక్కలన్నీ చూసి ఇవ్వాలని కార్యవర్గానికి నా మనవి.

బడికి తిరిగొచ్చిన పిల్లను బోర్డుకు ఎదురుగా మధ్య వరసలో కూర్చోబెట్టాలి, పక్కకు కూర్చుంటే రోజంతా నడుము తిప్పుకోవాలి. కబడ్డీ, కుస్తీ వద్దు. ఎదుగుదల ఆగేదాకా డాక్టరు చెప్పిన తేదీలకు ఎక్స్‌రేలు మానొద్దు.

చివరగా, పడ్డ బిడ్డను ఎలా ఎత్తాలో మాటల్లో కన్నా చేసి చూపిస్తే మేలు. ఈ బల్ల మీద మా అమ్మాయి బొమ్మను పెట్టాను. వెనకున్న తమ్ముళ్లు ఇద్దరు ముందుకు రండి. బల్ల మీద వెల్లకిలా పడుకోబెడితే చూడండి, తల పెద్దది కాబట్టి గడ్డం ఛాతీకి వంగింది. విరిగిన మెడకు ఇది చెడ్డ వంపు. ఎవరైనా ఒక దుపట్టా ఇవ్వండి అక్కా. దీన్ని మడిచి, తల కింద కాదు, భుజాల కింద నుంచి నడుము దాకా రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున పరిచాం. ఇప్పుడు మొహం తిన్నగా పైకి చూస్తోంది. కారు సీట్లో కట్టి ఉన్న బిడ్డ ఊపిరి తీస్తుంటే, మంట, పొగ లేకపోతే, సీటుతోనే ఉంచి 108కి ఫోను చేయండి. ఊపిరి లేకపోతే అదే ముందు. తల వెనక్కి వంచకుండా దవడను మాత్రం ముందుకు తోసి దారి తెరవండి. నీళ్లు తాగించొద్దు, కూర్చోబెట్టొద్దు, ఇద్దరి మధ్య బండి మీద తీసుకెళ్లొద్దు. సాయం చేసినవాళ్లను పోలీసులు, కోర్టులు ఇబ్బంది పెట్టకుండా 2019 సవరణలో చట్టమే రక్షణ ఇచ్చింది, ఆ భయం వద్దు. తమ్ముడూ, నువ్వు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చో, రెండు అరచేతులతో చెవుల పక్క పట్టుకో, లాగకు. లెక్క నువ్వే చెప్పాలి. మిగతావాళ్లం భుజాలు, నడుము, కాళ్లు పట్టుకుంటాం. నువ్వు మూడు అన్నాకే అందరం ఒక్కసారిగా ఎత్తుతాం.